రమణయ్యకు నేను మోసిన ఆకులు

వాక్కునకు అధిదేవతయగు తల్లికి మ్రొక్కి, నా నోటిలో తడి ఆరిపోకుండ కాపాడుమని వేడి, రౌద్రి నామ సంవత్సర భాద్రపద బహుళ తదియ నాడు ఆత్మకూరు నుండి ఉదయగిరికి నేను చేసిన ప్రయాణమును, ఆ దారి చూడనివారి కొరకు వ్రాయుచున్నాను. విఘ్నములను తొలగింపుమని గణపతిని కూడ కోరవలసినదే గాని, ఈ ప్రయాణమున నాకు ఎదురైన విఘ్నమునకు పేరును, పంచెయును, భూతద్దమును ఉన్నవి. అతని పేరు రమణయ్య.

నేనును రమణయ్యయును ఒకే పాఠశాలలో ఒకే చాపమీద కూర్చుండి కావ్యములు చదివినవారము. అతని పద్యములలో గణములు తప్పుచుండెను, నేను దిద్దుచుంటిని. చదువు నడుమ మానివేసి అతడు వ్యవసాయ శాఖలో చేరెను. నేను పిల్లలకు తెలుగు చెప్పుచు తల నెరయించుకొంటిని. ఇప్పుడిరువురమును, నేను ఆత్మకూరులోను అతడు ఉదయగిరిలోను, పింఛను పుచ్చుకొనువారమే. అయినను వీధిలో నన్ను కలిసినవారు నమస్కరించి తొలగిపోవుదురు. అతనిని కలిసినవారు నిలిచి ప్రశ్నలడుగుదురు. ఈ తేడా నాకు చిరకాలముగ తెలిసినదే. అది ఎంత దూరము ప్రాకినదో ఈ ప్రయాణముననే తెలిసినది.

ప్రయాణకారణము మా అక్క కామాక్షమ్మ. ఆమె ఉదయగిరిలో మెట్టినది. బావగారు పోయిన తరువాత కూడ ఏటేట పెరటిలో వంగనారు పోసి ఊరందరికి పంచుచున్నది. మా ఆత్మకూరులో నారును సంతలో కట్టలుగా అమ్ముదురు. ఉదయగిరి ప్రక్కన వంగనారు అమ్ముట అవమానము. ఇచ్చువారు ధర చెప్పరు, పుచ్చుకొనువారు మెచ్చుకోలు చెప్పరు. మడి నుండి పెరికిన తొలికట్ట మాత్రము ఇల్లాలి పుట్టింటికి పోవలెను. వినాయక చవితి దాటగనే ఆ తొలికట్ట తడిగోనెలో చుట్టబడి బస్సులో నాకు వచ్చుచుండెడిది. ఈ యేడు కట్ట రాలేదు. కబురు వచ్చినది: "సజ్జచేలకి కుంకుమ తెగులు వంకాయ చెట్ల నుంచే వస్తా ఉండాదని రమణయ్య చెప్పినాడంట. ఊరోళ్ళు నా మడి పెరికేస్తామంటా ఉండారు. నువ్వొచ్చి ఆయన నోరు మూయించు."

మహాలయ పక్షములో ప్రయాణమేమని ఇల్లాలు అడ్డుపెట్టినది. రమణయ్య నోరు మూయించు పనికి ఏ పక్షమైనను మంచిదేయని నేను బయలుదేరితిని.

ఆత్మకూరు

బస్సు కొరకు వేచియుండగా నల్లని గొంగడి కప్పుకొన్న రైతొకడు నన్ను సమీపించెను.

"ఉదయగిరికేనా అయ్యవారూ?"

ఔనంటిని. నా కీర్తి ఉదయగిరి వరకు పోయినదేమోయని ఒక్క క్షణము తోచినది.

"అయితే ఈ ఆకు రమణయ్య సారు చేతికియ్యండి. చెనిక్కాయ చేనంతా ఇట్టనే ఉండాది. ఏంది కథ అని అడగండి."

అతడు కాగితములో చుట్టి యిచ్చినది వేరుశెనగ కొమ్మ. ఆకుల అడుగున ఇటుకపొడి వంటి చుక్కలు. పొలము ఆత్మకూరులో, వైద్యుడు ఉదయగిరిలో, మోయువాడను నేను. కాదనుటకు మాట దొరకలేదు. పొట్లమును సంచిలో వేసికొంటిని.

బస్సులో నా ప్రక్కన కూర్చున్నవాడు ఉదయగిరి చెక్కపనివాడు, మస్తాన్. గరిటెలు, చెంచాలు నెల్లూరిలో అమ్మబోయి సగము మూటతో తిరిగి వచ్చుచుండెను.

"గిరాకీ లేదు సామీ. నెల్లూరోళ్ళు స్టీలుకు మరిగినారు. ఈ గరిటె చూడు, ఎంత నున్నగా ఉండాదో! రెండు రూపాయలియ్యి చాలు."

గరిటె నిజముగ నున్నగా ఉండెను. కొంటిని. అతడు సంతోషించి నేనెవరి యింటికి పోవుచున్నానో అడిగెను. చెప్పితిని.

"కామాక్షమ్మ తమ్ముడివా! అట్టయితే నీకేం సామీ, పక్కవీధిలోనే రమణయ్య సారు ఉండాడు. నేను దాచుకున్న చెక్కకి బూజు పడితే ఆయనే చూసి చెప్పినాడు. పెద్ద చదువు చదివినాడంట."

"ఆ చదువు అతడు పూర్తి చేయలేదు" అని నేను చెప్పితిని.

మస్తాన్ జాలిగ తల ఆడించెను. "పూర్తి చెయ్యకనే ఇంత తెలిసిందంటే, పూర్తి చేసుంటే ఇంకెట్ట ఉండునో!"

వింజమూరు వచ్చువరకు నేను కిటికీలోనుండి చూచుచు కూర్చుంటిని.

వింజమూరు

ఇచ్చట బస్సు మారవలెను. ఉదయగిరి బస్సు చక్రము విప్పి నేలపై పెట్టియుండిరి. ఎదుటి పూరిపాకలో ఒక అవ్వ దోసెలు పోయుచుండెను. దోసె అర్ధరూపాయి; పైన పూసిన ఎర్రకారము ఉచితము, దాని తరువాత త్రాగవలసిన మంచినీరును ఉచితమే. మా ఊరిలో అడిగినగాని రెండవసారి పచ్చడి వేయరు. ఇచ్చట వద్దన్నను వేయుదురు.

"తిను నాయనా, ముసిలోడివి, ఒక్క దోసెతో ఏం పోతావు" అని అవ్వ నా ఆకులో మరియొకటి వేసినది. ఆమె నాకంటె పిన్నదియని నా అనుమానము.

అచ్చట బల్లమీద కూర్చున్న అడవి శాఖ కావలివాడు నా సంచిలోని పొట్లమును చూచి, అది ఎవరికని అడిగి తెలిసికొని, పరుగున పోయి ఒక టేకు ఆకు తెచ్చెను. విస్తరాకంత ఆకు. అడుగుభాగమంతయు పసుపు కలసిన ఎరుపు పొడి.

"మా టేకుమొక్కలన్నీ ఇట్టనే అయినాయి. రమణయ్య సారుకి చూపించు సామీ. పుణ్యముంటాది."

"నేను తపాలా బంట్రోతును కాను" అంటిని.

"కాదులే సామీ. తపాలా అయితే నాలుగు దినాలు పడతాది."

ఆ ఆకు సంచిలో పట్టలేదు. మడచి కండువాలో చుట్టి ఒడిలో పెట్టుకొంటిని. చక్రము బిగించినపిమ్మట బస్సు కదిలినది. ఎండిన తుమ్మచెట్ల నడుమ, సజ్జచేల నడుమ పోవుచుండగా ఒక సంగతి కంటబడినది. దూరమునుండి పచ్చగా కనబడిన చేలు దగ్గరకు రాగా కావిరంగు కలిసినట్లుండెను. గాలి వీచినప్పుడు వెన్నులపై నుండి పలుచని పొగ వంటిది లేచుచుండెను. దానిని పుప్పొడి యనుకొంటిని.

ఉదయగిరి

అక్క వాకిట నిలిచి నన్ను ఎగాదిగా చూచినది.

"ఏందిరా, పసుపు పూసుకోని వచ్చినావు? ఈ వయసులో పెళ్ళికొడుకువైనావా?"

చూచుకొంటిని. తెల్లని కండువా, అంగీ, పంచె ముందుభాగము టేకు ఆకు పొడితో పసుపు దిద్దుకొని ఉన్నవి. రమణయ్యకు చేసిన సేవకు నాకు దక్కిన సన్మానవస్త్రము అది.

భోజనమునకు సజ్జరొట్టె, కాల్చిన వంకాయ పచ్చడి, ఎనుము మజ్జిగ. వరి పండు ఊరివాడనగుటచేత సజ్జరొట్టె నాకు పండుగ. వంకాయను ఆమె నిప్పులమీద త్రిప్పి త్రిప్పి కాల్చును. తొక్క నల్లబడునుగాని లోపలి కండ వెన్నవలె ఉండును. తినుచుండగా అడిగితిని: "రమణయ్యతో నీవు మాట్లాడితివా?"

"మాట్లాడకేం? ఆయన మంచోడేరా. మొన్న నాకు కాళ్ళు వాస్తే ఆయనే రిక్షా పిలిపించినాడు. పండగనాడు నా చేతి బూరెలు తిని పోయినాడు. మాటే చెడ్డది. ఆ మాటొక్కటీ నువ్వు తీసెయ్యి, మనిషిని ఏమనబాక."

నా అక్క చేతి బూరెలు రమణయ్య తిన్నాడు! రొట్టె విస్తరిలో పెట్టి మజ్జిగ త్రాగితిని.

"పెంచలయ్య వాళ్ళు రేపు పొద్దున వస్తారంట, మడి పెరకను" అని ఆమె నెమ్మదిగ అనెను. "అబ్బయ్యా, మీ బావ పోయినాక నన్ను ఈ ఊళ్ళో పిలిచేదెవరు? నారు కోసం వచ్చి పిలుస్తారు. నారు లేకపోతే నేను ఎవరింటికి పోను, నా ఇంటికి ఎవరొస్తారు?"



రమణయ్య అరుగు

సాయంకాలము పొట్లములతో రమణయ్య యింటికి పోతిని. అరుగుమీద ఇంతకు ముందే నలుగురు ఆకులు పట్టుకొని కూర్చుండియుండిరి. గుడి ముందు కూడ అంత ఓపికగ ఎవరును కూర్చుండగ నేను చూడలేదు. నన్ను చూడగనే అతడు లేచి వచ్చి కౌగిలించుకొనెను.

"ఒరే శేషా! ఎన్నాళ్ళకు!" అంతలో అతని చూపు నా సంచిమీద పడెను. "ఆకులా? నాకా? ఇయ్యి ఇయ్యి!"

వాటిని భూతద్దముతో చూచి చిన్నపిల్లవానివలె మురిసిపోయి, అటుపిమ్మట నా కండువా చూచి నోరు తెరచెను.

"ఓరి పండితుడా! జబ్బాకుల్ని మూత లేకుండా ఒళ్ళో పెట్టుకోని ఊరూరా తిరిగినావా? గాలి చేసే పని నువ్వు చేసినావు కదరా! దారిలో టేకుతోట ఎక్కడన్నా దిగినావా?"

అరుగుమీది నలుగురును నవ్విరి. నేను వచ్చిన పని మొదలుపెట్టితిని. సజ్జ గడ్డిజాతి, వంగ వేరొక జాతి. గడ్డికి పట్టిన తెగులు వంగనుండి వచ్చుట పిల్లికి ఆవు పుట్టుట వంటిదికాదా?

అతడు కోపపడలేదు. పడినచో బాగుండెడిది.

"పుట్టడం కాదురా, కాపురం మార్చడం. ఇది బూజుజాతి, దీనికి రెండిళ్ళు. సజ్జాకుమీద ఎర్రపొడి చూసినావే, అది గాలికి లేచి ఇంకో సజ్జమీద పడి మళ్ళా ఎర్రపొడే అవతాది. పంటకాలమంతా అదే వరస. పంట ముదిరినాక ఎరుపు పోయి నల్ల మచ్చలొస్తాయి. అది నిద్ర. ఎండిన ఆకులో, చొప్పలో అట్టనే పడుంటాది. తడి తగిలితే లేస్తాది. లేచినాక కంటికి ఆనని విత్తు విసురుతాది. ఆ విత్తు సజ్జమీద పడితే చస్తాది. వంకాయ ఆకుమీద పడితేనే బతుకుతాది."

"వంగమీద ఎరుపు పుట్టునా?"

"ముందు ఆకుపైన పసుపుచుక్క, దాంట్లో తేనె లాంటి బొట్టు. పురుగులు దాన్ని ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి చేరిస్తేనే జత కుదిరేది. అప్పుడు ఆకు అడుగున గిన్నెలు పుడతాయి. ఇదో చూడు."

వంగ ఆకొకటి నా చేతికిచ్చి భూతద్దము నా కంటికి పెట్టెను. చూచితిని. నారింజరంగు గిన్నెలు, అంచులు సన్నగ చీలి వెలుపలికి వంగినవి, ఒక్కొక్కటి పొడితో నిండి, ఒకదాని ప్రక్కన ఒకటి ఒరసికొని కూర్చున్నవి. కంసాలి కూడ అంత చిన్నగ చేయలేడు. ఇట్టి సొగసును ఈ గణములు తప్పువాడు దినదినము చూచుచున్నాడు. నేను డెబ్బదియేండ్లకు చేరువలో, అదియు అతని దయచేత, ఇప్పుడు చూచితిని. ఆ గిన్నెలను చూచి కూడ నాకు కంటగింపు కలిగినది.

"ఈ గిన్నెల్లో పొడి మళ్ళా వంకాయకి అంటుకోదు. సజ్జకే పోతాది. ఆడ ఎరుపు. మళ్ళా నలుపు. మళ్ళా నిద్ర."

మధ్యాహ్నము నా విస్తరిలో సజ్జరొట్టెయును వంకాయ పచ్చడియును ప్రక్కప్రక్కన ఉండినవి. ఈ తెగులు రెండిండ్లును మా అక్క ఒక్క ఆకులో వడ్డించినది.

"మఱి వేరుశెనగకు రెండవ యిల్లేది?" అని అడిగితిని.

"తెలీదురా. దానికి ఎర్రపొడి తప్ప వేరే రూపం ఇక్కడెవరూ చూళ్ళేదు. టేకుకీ తెలీదు."

అతనికి తెలియనివి రెండున్నవి. ఆ రెండింటిని మనసులో పెట్టుకొని ఇంటికి నడచితిని, అవి చాలలేదు.

పెరడు

మరునాటి ఉదయము అక్క నన్ను పెరటికి పిలిచినది. తొలికట్ట పెరుకువరకు వంగమడిని పరులు చూడరాదని ఆ ప్రాంతపు ఆచారము, దిష్టి తగులునట. తోబుట్టువులకు దోషము లేదు. అందుచేత ఊరి వంగతోటలన్నియు తిరిగిన రమణయ్య ఈ మడిని మాత్రము చూడలేదు. ఈ సంగతి విని నాకు ప్రాణము కొంత కుదుటపడినది.

మడిమీద మోకాలెత్తున పందిరి వేసియుండెను.

"ఈ చొప్ప ఎక్కడిది అక్కా?"

"పోయినేటి సజ్జచొప్ప. మా అత్త చెప్పింది, పోయిన పంట నీడలో ఈ పంట పెరగాలని. ఎనుములకీ అది నచ్చదు, పందిరికే పెడతాను."

అట్లనుచు ఆమె కుండతో నీరు తెచ్చి పందిరిమీద చల్లినది. చొప్పమీద పడిన నీరు చుక్కలుచుక్కలుగ క్రింది నారుపై జారినది. మెత్తగ పడవలెనని రోజును అట్లే చల్లునట.

నేను వంగి ఒక చొప్పకర్రను లాగితిని. ఎండిన ఆకుదొప్పమీద సన్నని నల్లని గీతలు, ఉక్కపోతనాటి కాటుక చెదరినట్లు. అటుపిమ్మట నారుమొక్క నొకదానిని త్రిప్పి చూచితిని. భూతద్దము లేకున్నను కనబడినవి. గిన్నెలు.

నిద్రించునది నల్లనిది. లేపునది తడి. లేచినదానికి కావలసినది వంగ ఆకు. అన్నియు నాలుగు బారల నేలలో, ఒకదానిపై ఒకటి, నా అక్క చేతి కుండ క్రింద ఉన్నవి. తప్పు వంగది కాదు, పందిరిది.

ఈ మాట చెప్పినచో రమణయ్య సిద్ధాంతము నిలుచును. చెప్పకున్నచో మడి పోవును. అతనిని ఓడించుటకు వచ్చి అతనికి సాక్షినగుట నాకు మింగుడుపడలేదు. అంతలో అక్క రెండవ కుండ తెచ్చినది.

"చాలును, పోయకుము" అంటిని.

వాకిలి

పెంచలయ్య యను సజ్జరైతు ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చెను. వారి వెనుక రమణయ్యయును వచ్చెను, పెరుకుట మర్యాదగ జరుగవలెనని.

"అమ్మా, తప్పుగా అనుకోబాక" అని పెంచలయ్య అనెను. "చేను ఎర్రబారిపోయినాది. నీ మడి మేము పెరికి, నీకు కావాల్సిన కూరగాయలు మేమే తెచ్చిస్తాం."

"నాకు కూరగాయలు కాదురా కావాల్సింది" అని అక్క తలుపుకు అడ్డముగ నిలిచినది.

నేను చొప్పకర్రతో ముందుకు వచ్చి ఇట్లు చెప్పితిని: "రైతులారా, కారణము లేక కార్యము పుట్టదు. సజ్జయందలి అరుణరేణువు వంగకు సంక్రమింపదని రమణయ్యయే వచించెను. వంగకు సంక్రమించునది నిద్రిత కృష్ణబీజము జలస్పర్శచే ప్రబుద్ధమైన పిమ్మట జనించునది. ఆ నిద్రితము ఎచ్చట ఉన్నది? గతసంవత్సర తృణకాండమున. ఆ తృణకాండము ఎచ్చట ఉన్నది? పందిరియందు. కావున పరిహరింపవలసినది ఆచ్ఛాదనమే గాని ఆచ్ఛాదితము కాదు."

ఇంత చక్కగ నేను తరగతిలో కూడ ఎన్నడును చెప్పలేదు. పెంచలయ్య రమణయ్య వైపు తిరిగెను.

"సారూ, ఈ అయ్యవారు తిడతా ఉండాడా, దీవిస్తా ఉండాడా?"

రమణయ్య నా చేతిలోని కర్రను పుచ్చుకొని భూతద్దముతో చూచెను. చాలసేపు చూచెను. అతని ముఖము మారినది.

"పోయినేటి చొప్పరా ఇది" అని వారితో అనెను. "దీంతో పందిరేసి రోజూ నీళ్ళు చల్లతా ఉండాదంట. నిద్రపోయే తెగుల్ని నీళ్ళు కొట్టి లేపతా ఉండాము. చొప్ప తీసి కాల్చేసి తాటాకులెయ్యండి. మచ్చపడిన నారు ఏరెయ్యండి, మీ ఇళ్ళల్లో వంకాయ చెట్లకి మచ్చాకులుంటే గిల్లి కాల్చండి. మడి జోలికి పోబాకండి."

"అంతేనా!" అని పెంచలయ్య అనెను. "అది ముందే చెప్పుంటే పొద్దన్నే పరిగెత్తుకోని వచ్చేవోళ్ళమా?"

"నా మడి నిలబెట్టినావు రమణయ్యా" అని అక్క కన్నులొత్తుకొనెను. "వచ్చే యేడు తొలికట్ట నీకే."

రమణయ్య చేతులు అడ్డముగ ఊపెను. "అమ్మా, కనిపెట్టింది మీ తమ్ముడు. నాకు తట్టనే లేదు. ఇన్నాళ్ళూ ఊరంతా వెతకతా ఉండాను."

"వాడు చెప్పిందేందో నాకేం తెలిసింది నాయనా? నువ్వు చెప్పినాక కదా తెలిసింది."

అతడు అబద్ధమాడి ఆ కీర్తిని కాజేసినచో, ద్వేషించుటకు నాకొక మంచి కారణము దొరికెడిది. అదియు నాకు మిగల్చలేదు.

అందరును కలిసి పందిరి విప్పిరి. దిష్టి మాట అక్కయే మరచినది. చొప్పను చేలకు దూరముగ తీసికొనిపోయి కాల్చిరి. రమణయ్య పంచె ఎగగట్టి మంట చుట్టును తిరుగుచు ఒక్క కర్రయైన మిగులకుండ చూచెను. మచ్చలేని నారు అక్క యింటికి సరిపోవునంత మిగిలినది. ఆ యేడు కట్ట ఎవరికిని లేదు.

తిరుగు ప్రయాణము

బస్సు దగ్గర అక్కను అడిగితిని: "తొలికట్ట పుట్టింటిది కదా?"

"రెండోది పంపిస్తే నా తమ్ముడివి కాకుండా పోతావా ఏంది?" అని ఆమె నా సంచిలో సజ్జరొట్టెలు పెట్టినది. "ఆయనకి అక్కచెల్లెళ్ళు లేరురా. ఎవురు పంపిస్తారు?"

రమణయ్యయును వచ్చియుండెను. మూత గట్టిగ ఉన్న ఒక రేకుడబ్బాను నా చేతిలో పెట్టెను. "ఈసారి ఆకులు దీంట్లో తీసకరా" అని నవ్వెను. మరల తెత్తునని నేను చెప్పలేదు. డబ్బా మాత్రము తెచ్చుకొంటిని. వింజమూరులో దిగగనే కావలివాడు టేకుకు మందేమని అడిగెను. దానిని గురించి రమణయ్యకును పూర్తిగ తెలియదని గట్టిగ చెప్పితిని. ఆ ప్రయాణములో నాకు తృప్తి కలిగించిన వాక్యము అదియొక్కటే.

దుర్మతి నామ సంవత్సర భాద్రపద శుద్ధ ఏకాదశి నాడు ఉదయగిరిలో తాటాకు పందిరి క్రింది మడి నుండి అక్క తొలికట్ట పెరికినది. ఆకుల అడుగున గిన్నెలు లేవు. సజ్జచేలలో ఎరుపు కొంత ఆలస్యముగను, కొంత తక్కువగను వచ్చినది. తూర్పుచేలలో మాత్రము మునుపటివలెనే వచ్చినది, దూరపు గాలి తెచ్చినదని రమణయ్య చెప్పెనట. తొలికట్ట రమణయ్య యింటికి పోయినది. రెండవ కట్ట మరునాటి బస్సులో నాకు వచ్చినది. నాటితిని. బ్రతికినది.